వీసా రాదన్నారు సరే... ఎవరికి చెప్పుకోవాలి?

వీసా రాలేదని తెలిస్తే మన ఇళ్లల్లో మొదట వినబడే మాట "మళ్లీ ఎప్పుడు కడుతున్నారు?" అన్నదే. పరీక్ష తప్పిన పిల్లాణ్ణి అడిగినట్టు! ఎందుకు ఇవ్వలేదు, ఏ రూలు కింద ఇవ్వలేదు, ఆ నిర్ణయం పొరపాటైతే పైన వినేవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగేవాళ్లు తక్కువ. చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి రమ్మని చెప్పేవాళ్లు మాత్రం వీధికి పదిమంది దొరుకుతారు. దేవుడి దగ్గరకి వెళ్లొద్దని నేననను. కాని కోర్టు గుమ్మం అనేది కూడా ఒకటుంటుందా, ఉంటే అది ఎవరికి తెరుచుకుంటుంది, ఎన్ని రోజుల్లోపు వెళ్లాలి అన్నది తెలుసుకోవడం కూడా అవసరమే కదా.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఒక భార్య వేసిన కేసులో తీర్పు చెప్పింది. 2025 జూలై 1 నుంచి జర్మనీ, వీసా నిరాకరించినప్పుడు ఉచితంగా పెట్టుకునే పునఃపరిశీలన ఉత్తరాన్ని ప్రపంచమంతటా ఎత్తేసింది. రెండూ వేర్వేరు దేశాల సంగతులే అయినా దెబ్బ తగిలేది ఒకచోటే. భర్త దగ్గరకో, కూతురి దగ్గరకో వెళ్లాలని పెట్టె సర్దుకుని కూర్చున్న ఆడవాళ్ల మీద.

కాగితం మీద లేని మనిషి

మా పిన్నికి భర్త పోయి ఆరేళ్లయింది. పరాయి దేశంలో ఉన్న కూతురి పురిటికి వెళ్దామనుకుంది. ఏ దేశమన్నది ఇక్కడ అనవసరం. కౌంటరులో అడిగినవి మూడే ప్రశ్నలుట. మీరేం చేస్తారు? మీ పేరిట ఏముంది? ఇక్కడ మీకెవరున్నారు? "ఇంట్లోనే ఉంటాను బాబూ, ఇల్లు పెద్దబ్బాయి పేర ఉంది" అంది పిన్ని. నిజమే చెప్పింది. పాస్‌పోర్టుతో పాటు ఒక ముద్రించిన కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఆ కాగితం మీద ఉన్నదేమిటో ఇంట్లో ఎవరూ పూర్తిగా చదవలేదు కూడా.

"మీరు తిరిగొస్తారని నమ్మకం కలగలేదు" అన్నదే ఇలాంటి కాగితాల సారాంశం. అమెరికాలో దీనికి సెక్షన్ 214 (బి) అని పేరు. 1952 నాటి వలస చట్టంలోది. టూరిస్టుగానో చదువుకోసమో వెళ్లే ప్రతి మనిషీ అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నట్టే లెక్క. కాదని నమ్మించే బాధ్యత మనదే. హెచ్-1బి, ఎల్-1 మీద వెళ్లేవాళ్లకీ, వాళ్లతో వెళ్లే భార్యాబిడ్డలకీ ఈ అనుమానం నుంచి మినహాయింపు ఉంది. అమ్మలకీ అత్తలకీ, చదువుకెళ్లే పిల్లలకీ లేదు.

నమ్మించడానికి ఏం చూపించాలి? ఉద్యోగం, ఆస్తి, బ్యాంకు ఖాతా, ఇక్కడి బంధాలు. ఇప్పుడు మన ఇళ్లల్లో యాభై ఐదేళ్లు దాటిన ఆడవాళ్లని తలుచుకోండి. ముప్పై ఏళ్లు ఇంటెడు చాకిరీ చేసినదానికి పే స్లిప్పు ఉండదు. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం చేసిన 1986 సవరణతోనే ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది. అయినా పట్టాదారు పాసుపుస్తకం మీద పేరు ఎవరిది? చీటీ డబ్బులు, పాల డబ్బులు ఆవిడ చేతుల మీదుగానే తిరుగుతాయి గాని ఖాతా పుస్తకంలో కనిపించవు. ఊరు వదిలి ఉండలేని మనిషి కాగితం మీద చూస్తే ఏ బంధమూ లేని మనిషిలా కనిపిస్తుంది! రూలులో ఆడ, మగ అని లేదు. కాని అది అడిగే ఆధారాలన్నీ మగవాళ్ల బీరువాల్లో ఉంటాయి. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు.

ఈ నిర్ణయం మీద అప్పీలు లేదు. ఆఫీసు లోపల పై అధికారి చూసే ఏర్పాటు ఉంటుంది కాని అది మనం అడిగి తెచ్చుకునే హక్కు కాదు. మళ్లీ 185 డాలర్లు కట్టి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవడమే దారి. ఇన్నాళ్లు ఆగాలన్న గడువేమీ లేదు. అయితే పరిస్థితిలో ఏ మార్పూ లేకుండా వారం తిరక్కుండానే వెళ్తే డబ్బు దండగ. మరొకటి, 221 (జి) అని కాగితం ఇస్తే చాలామంది "అయిపోయింది" అని ఏడుస్తారు. అయిపోలేదు. ఇంకా కాగితాలు కావాలనో, లోపల పరిశీలన మిగిలి ఉందనో దాని అర్థం. అడిగిన పత్రాలు ఏడాదిలోపు ఇస్తే కొత్తగా ఫీజు కట్టకుండానే ఆ ఫైలు ముందుకు కదులుతుంది.

భార్య అడిగినా కారణం చెప్పరు

అమెరికాలో కాన్సులేటు అధికారి కాదన్నదాన్ని కోర్టులు సాధారణంగా ముట్టుకోవు. ఇది నిన్నా మొన్నా పుట్టిన పద్ధతి కాదు. దీని వెనక ఎలెన్ నాఫ్ అనే ఒక ఆడమనిషి కథ ఉంది. జర్మనీలో పుట్టి, ఇంగ్లండు చేరి, యుద్ధ కాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసింది. తర్వాత అమెరికా సైన్యంలో పనిచేసిన ఒకాయన్ని 1948లో పెళ్లాడింది. యుద్ధంలో పనిచేసినవాళ్ల భార్యలు సులువుగా రావడానికని అప్పట్లో ప్రత్యేక చట్టమే ఉండేది. ఆ నమ్మకంతో ఓడ దిగితే న్యూయార్కు రేవులోని ఎల్లిస్ దీవిలో ఆపేశారు. రహస్య సమాచారం ఉందన్నారు. అదేమిటో చెప్పరు, విచారణ లేదు. 1950లో సుప్రీంకోర్టు 4-3తో ప్రభుత్వానికే ఓటేసింది. గుమ్మం బయట ఉన్న విదేశీయులకి ప్రభుత్వం ఏ పద్ధతి పెడితే అదే న్యాయం అన్నది దాని సారాంశం. కోర్టు చేయలేనిది చివరికి పత్రికలూ, కాంగ్రెస్ సభ్యులూ గోల చేయడం వల్ల జరిగింది. 1951లో విచారణ పెడితే రహస్యమన్నదంతా ఎవరో ఎవరి దగ్గరో విన్న మాటలని తేలింది. అప్పీళ్ల బోర్డు ఆవిణ్ణి లోపలికి రానివ్వమంది. మూడేళ్లు పట్టింది. ఆవిడ గెలిచింది గాని, ఆవిడ మీద వచ్చిన తీర్పు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ దాన్నే చూపిస్తారు.

2024 కేసులోనూ దాన్ని చూపించారు. శాండ్రా మున్యోజ్ అమెరికా పౌరురాలు, లాయరు. ఎల్ సాల్వడార్ దేశస్థుణ్ణి 2010లో పెళ్లి చేసుకుంది. గ్రీన్‌కార్డు పద్ధతి ప్రకారం వీసా కోసం ఆయన సొంత దేశానికి వెళ్లాల్సొచ్చింది. 2015లో ఇంటర్వ్యూ అయ్యింది, వీసా ఇవ్వలేదు. ఎందుకని అడిగితే చట్టంలోని ఒక క్లాజు నంబరు చెప్పి ఊరుకున్నారు. కోర్టుకెళ్లాక గాని అసలు సంగతి బయటికి రాలేదు. ఆయన ఒంటి మీదున్న పచ్చబొట్లు చూసి నేరాల ముఠా మనిషేమోనని అనుమానించారుట. ఆ ముఠాతో తనకి సంబంధం లేదని ఆయనా, ఆ పచ్చబొట్లు ముఠావి కావని నిపుణుడూ చెప్పారు. అయినా 2024 జూన్ 21న సుప్రీంకోర్టు 6-3తో ప్రభుత్వం వైపే మొగ్గింది. భర్తని దేశంలోకి తెచ్చుకోవడం అమెరికా పౌరురాలికి రాజ్యాంగం ఇచ్చిన మౌలిక హక్కు కాదని మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ ఏమీ కోనీ బ్యారెట్. విభేదించిన ముగ్గురు జడ్జీలూ ఆడవాళ్లే. పెళ్లి చేసుకునే హక్కు ఉంది గాని, ఆ మనిషితో సొంత దేశంలో కాపురం చేసే హక్కు లేదన్నమాట. పౌరురాలి గతే ఇది అయితే వర్క్ వీసా మీదున్న మన పిల్లల సంగతి వేరే చెప్పాలా?

మనమేదో గొప్పవాళ్లమని చెప్పుకోవడానికి కూడా లేదు. విదేశీయులకి ఇక్కడ ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ ఉంది గాని, స్థిరపడే హక్కు లేదని మన సుప్రీంకోర్టు 1991లో ఒక బెల్జియం మిషనరీ కేసులో చెప్పేసింది. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం వచ్చినా, పరాయి దేశస్థుణ్ణి చేసుకున్న మన ఆడపిల్లలు ఆయన వీసా కోసం పడే అవస్థలు తీరిపోలేదు.

గెలిచి ఓడిన ముగ్గురు

ఇంగ్లండు కథ ఇంకో రకం. 1979 జనవరిలో హీత్రూ విమానాశ్రయంలో పెళ్లి చేసుకోవడానికి దిగిన 35 ఏళ్ల భారతీయ ఉపాధ్యాయురాలికి కన్యత్వ పరీక్ష చేశారు. కాబోయే భర్త దగ్గరకి వచ్చేవాళ్లకి ముందుగా వీసా అక్కర్లేదు, ఆల్రెడీ భార్య అయితే కావాలి. ఈవిడ నిజంగా పెళ్లికాని పిల్లేనా అని వాళ్ల అనుమానం! పేపర్లో పడ్డాక గాని అది ఆగలేదు. ఇది గుర్తు చేయడం పాత పగలు తవ్వడానికి కాదు. అధికారి అనుమానాన్ని నిలదీసే చోటు లేకపోతే అది ఎంతదాకా వెళ్తుందో తెలియడానికి.

అప్పట్లో అక్కడ స్థిరపడిన మగవాడు భార్యని తెచ్చుకోవడం ఒక రూలు, ఆడది భర్తని తెచ్చుకోవడం ఇంకో రూలు. మగవాళ్లొస్తే ఉద్యోగాలు పోతాయని వాళ్ల వాదన. నర్గీస్ అబ్దుల్ అజీజ్ (మలావీలో పుట్టిన భారత సంతతి మనిషి), ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కబాలెస్, ఈజిప్టులో పుట్టిన బల్కందాలీ, ఈ ముగ్గురూ యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకెళ్లారు. 1985 మే 28న గెలిచారు. ఆడ, మగ అని తేడా చూపించడం తప్పేనంది కోర్టు. మరి బ్రిటన్ ఏం చేసింది? భర్తలకి దారి సులువు చేయలేదు. భార్యలకి కూడా అంతే కష్టం చేసింది. సమానత్వం అంటే ఇదేనా అని ఎవరికైనా నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. పెళ్లి అసలు ఉద్దేశం వలస రావడం కాదని రుజువు చేయమనే రూలు 1997 జూన్‌లో గాని పోలేదు.

ఈ అప్పీలు హక్కు కూడా ప్రభుత్వం చేతిలో కుళాయి లాంటిదే. చుట్టపుచూపుగా వచ్చే అమ్మానాన్నలకి వీసా కాదంటే అప్పీలు చేసుకునే హక్కుని 1993లో కట్టేశారు. 2000లో విప్పారు. 2013 జూన్ 25న మళ్లీ కట్టేశారు. ఇప్పుడు విజిటర్ వీసా కాదంటే హైకోర్టు తరహా రివ్యూ తప్ప ఏమీ లేదు, దానికయ్యే లాయరు ఖర్చు చూస్తే నాలుగుసార్లు వెళ్లిరావచ్చు.

భార్య, భర్త వీసాలకి మాత్రం అప్పీలు మిగిలింది. కుటుంబ జీవితం మానవ హక్కు కాబట్టి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. దరఖాస్తు పెట్టినావిడ ఇండియాలో ఉంటే తిరస్కరణ అందిన 28 రోజుల్లోపు ట్రిబ్యునల్‌కి అప్పీలు చేయాలి. బ్రిటన్‌లోనే ఉంటే 14 రోజులే. ఫీజు కాగితాల మీద తేల్చేయమంటే 80 పౌండ్లు, విచారణ కావాలంటే 140 పౌండ్లు. అరవై పౌండ్లకి ఆశపడకుండా విచారణే అడగాలని నా అభిప్రాయం. మనం ఇక్కడున్నా అక్కడున్న భర్త జడ్జి ముందుకెళ్లి నోటితో చెప్పుకోవచ్చు, నిర్ణయం తర్వాత దొరికిన ఆధారాలు కూడా పెట్టుకోవచ్చు. కాపురం నిజమైనదేనా అన్న ప్రశ్నకి మనిషి ఇచ్చే జవాబు, కాగితం ఇచ్చే జవాబు ఒకటి కావు.

అయితే అసలు గోడ ఆదాయం దగ్గరుంది. అక్కడున్నవాళ్ల సంపాదన ఏడాదికి 18,600 పౌండ్లు ఉండాలని 2012లో పెట్టారు, 2024 ఏప్రిల్ 11 నుంచి 29,000 చేశారు. అక్కడి సుప్రీంకోర్టు 2017లో ఈ పద్ధతిని మొత్తంగా కొట్టేయలేదు, పిల్లల బాగోగులు సరిగ్గా పట్టించుకోలేదని మాత్రం తప్పుపట్టింది. చంటిపిల్లతో ఉండి పూర్తి కాలం పని చేయలేని తల్లి భర్తని తెచ్చుకోవాలంటే ఈ అంకె ఎంత దూరమో నేను చెప్పక్కర్లేదు.

జర్మనీ, కెనడా

జర్మనీలో 2025 జూన్ దాకా ఉన్న పద్ధతి మనలాంటివాళ్లకి అందుబాటులో ఉండేది. నెల రోజుల్లోపు, పైసా ఖర్చు లేకుండా, "మీరు ఫలానా పత్రం చూడలేదు" అని కాన్సులేటుకే ఉత్తరం రాసుకుంటే మళ్లీ చూసేవారు. సిబ్బంది సమయం మిగులుతుందని అది తీసేశారు. ఇక మిగిలినవి రెండు. కొత్త దరఖాస్తు, లేకపోతే బెర్లిన్ పాలనా న్యాయస్థానంలో దావా. ఒక బ్యాంకు స్టేట్‌మెంటు కలపడం మర్చిపోయినందుకు గుంటూరు నుంచి బెర్లిన్‌కి దావా వేస్తారా ఎవరైనా? చిన్న పొరపాట్లకి చిన్న మందు ఉండాలి. దాన్ని తీసేసి పెద్ద ఆపరేషన్ ఒక్కటే ఉంచారు. భార్యగా వెళ్లేవాళ్లకి 2007 నుంచి జర్మన్ భాషలో ఏ1 పరీక్ష కూడా ఉంది. భర్తది బ్లూ కార్డు అయితే అది అక్కర్లేదు. ఈ సంగతి తెలియక చాలామంది ఊరికే కోచింగులకి కడుతున్నారు.

యూరప్‌కి చుట్టపుచూపుగా వెళ్లే షెంగెన్ వీసాకి మాత్రం కారణం రాతపూర్వకంగా చెప్పడం, అప్పీలు హక్కు ఇవ్వడం 2011 నుంచి తప్పనిసరి. ఎక్కడికి, ఎన్నాళ్లలోపు అన్నది దేశానికో రకం. తిరస్కరణ ఫారం చివర రాసి ఉంటుంది. చివరిదాకా చదవాలి.

కెనడాలో టూరిస్టు, స్టూడెంట్ వీసాలకి అప్పీలు లేదు గాని ఫెడరల్ కోర్టుని అనుమతి అడగొచ్చు. మనం ఇక్కడుంటే 60 రోజులు గడువు, కోర్టు ఫీజు 50 డాలర్లే, లాయరు ఖర్చు వేరు. కోర్టు వీసా ఇవ్వదు, నిర్ణయం సబబుగా లేదనిపిస్తే ఇంకో అధికారి దగ్గరకి తిప్పి పంపుతుంది. దానికంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. అధికారి ఫైల్లో రాసుకున్న నోట్సుని సమాచార హక్కు కింద 5 డాలర్లకి తెప్పించుకోవచ్చు. కెనడాలో ఉన్నవాళ్ల చేత పెట్టించాలి. మనకిచ్చిన ఉత్తరంలో రెండు ముక్కలే ఉంటే, అసలు అనుమానం ఆ నోట్సులో ఉంటుంది.

ఏజెంటు రాసినా సంతకం మీదే

అప్పీలు సంగతి వచ్చినప్పుడల్లా ఏజెంట్లు ముందుకొస్తారు. "పాతది రిజెక్టయిందని రాయకండి మేడమ్, ఫ్రెష్‌గా వెళ్దాం" అంటారు. గతంలో వీసా నిరాకరించారా అని అమెరికా ఫారం సూటిగా అడుగుతుంది. బ్రిటన్ కూడా అడుగుతుంది. లేదని రాస్తే తిరస్కరణ కంటే పెద్ద నేరం మన నెత్తిన పడుతుంది. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడా ఐదేళ్లు, బ్రిటన్ పదేళ్లు దారి మూసేస్తాయి. అమెరికాలో అయితే మినహాయింపు దొరికితే తప్ప జీవితాంతం అంతే. కొన్న ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టు, నాలుగు రోజులకి అప్పు తెచ్చి ఖాతాలో వేసిన లక్షలు, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఏజెంటు ఆఫీసు బోర్డు మార్చుకుంటాడు. మన పాస్‌పోర్టు నంబరు మాత్రం అక్కడి కంప్యూటర్లో ఉండిపోతుంది.

"రిజెక్ట్ అయింది" అన్నది ఎవరు?

చివరగా, కొత్తగా పెళ్లయిన పిల్లలకీ వాళ్ల తల్లులకీ ఒక మాట. అల్లుడు పెళ్లయిన పది రోజులకి విమానమెక్కుతాడు. "డిపెండెంట్ వీసా పెట్టాను" అంటాడు. ఆర్నెల్లకి "రిజెక్ట్ అయింది" అంటాడు. ఏడాదికి ఫోన్లు తగ్గుతాయి. అందరూ ఇలా చేస్తారని కాదు, కాని ఇలాంటి ఇళ్లు మన ఊళ్లల్లో లేవని కూడా అనలేం.

చట్టం ఇక్కడ ఆడపిల్లకి పెద్దగా తోడు రాదు. కెనడాలో భార్య దరఖాస్తు కాదంటే అప్పీలు చేసే హక్కు స్పాన్సర్‌గా ఉన్న భర్తది, అదీ ముప్పై రోజుల్లో. ఆవిడది కాదు. ఆయన చేయకపోతే అంతే. బ్రిటన్‌లో అప్పీలు ఆవిడ పేరనే వేయొచ్చు గాని ఆదాయపు కాగితాలు ఆయన ఇవ్వాలి. అమెరికాలో హెచ్-4 దరఖాస్తు మాత్రం భార్యదే. ఫారం ఆవిడ పేరుతో నింపాలి, ఇంటర్వ్యూకి పిలిస్తే వెళ్లాల్సింది ఆవిడే. భర్త అక్కడ కూర్చుని పెట్టాడు, అక్కడే రిజెక్టయింది అంటే నమ్మే ముందు ఆలోచించండి.

కాబట్టి ఫారంలో ఇచ్చే ఈమెయిలు అమ్మాయిది కావాలి, పాస్‌వర్డు అమ్మాయి దగ్గరుండాలి. దరఖాస్తు కన్ఫర్మేషన్ పేజీ ప్రింటు తీసి పుట్టింట్లో ఒకటి ఉంచండి. ఆ నంబరుతో కేసు ఏ స్థితిలో ఉందో అమెరికా వీసా వెబ్‌సైటులో చూసుకోవచ్చు. తిరస్కరించారంటే ఆ కాగితం చూపించమనండి. తేదీ, సెక్షన్ నంబరు, అప్పీలు గడువు చూడండి. అల్లుణ్ణి కాగితం అడిగితే బాగుండదేమో అని మొహమాటపడే అత్తగార్లు ఇప్పటికీ ఉన్నారు. కట్నం లెక్కపెట్టేటప్పుడు ఆయన మొహమాటపడ్డాడా?

కాగితం ఎంతకీ రాకపోతే, దరఖాస్తే పెట్టలేదని తేలితే అది ఇక వీసా సమస్య కాదు. జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాస భారతీయుల పెళ్లిళ్ల ఫిర్యాదుల కోసం 2009 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, భర్త పాస్‌పోర్టు కాపీ, అక్కడి చిరునామా, ఉద్యోగం వివరాలు ఉంటే పని త్వరగా మొదలవుతుంది. ఆ నాలుగూ ఆయన విమానం ఎక్కకముందే తీసుకుని పెట్టుకోవాలి.